సైమన్ హారిస్: జనం మాట వినే మనిషా, గాలివాటం మనిషా?

డబ్లిన్_వాన
ఈ సైమన్ హారిస్ నాకు అంతుపట్టడం లేదు. 2025 ఆగస్టులో, ఇక్కడ ఐర్లండ్‌లో భారతీయుల మీద వరసగా దాడులు జరుగుతున్నప్పుడు, మన సంఘాల ప్రతినిధులను పిలిపించి మాట్లాడాడు. దాడులను గట్టిగా ఖండించాడు. ఆ సంగతి ఆఫీసులో నేనే నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. చలి ముదరకముందే అదే నోటితో దేశంలోకి వలసలు మరీ ఎక్కువగా ఉన్నాయన్నాడు. నేను వర్క్ పర్మిట్ మీద ఉన్నవాణ్ణి. పన్ను పోగా మిగిలిన జీతం అద్దెకు పోతోంది. ఇంతకీ నేను వీళ్లకు కావలసినవాణ్ణా, ఎక్కువైనవాణ్ణా?

అసలు ఎవరీయన అని వెనక్కి వెళ్లి చదివితే మతిపోయింది. కాలేజీ చదువు మధ్యలో మానేశాడు. 22 ఏళ్లకు కౌన్సిలర్, 24కు ఎంపీ, 29కి ఆరోగ్య మంత్రి, 37కి ప్రధానమంత్రి. ఇప్పుడు ఉపప్రధాని, ఆర్థిక మంత్రి. రాజకీయం కాక మరో వృత్తి అంటూ లేదు. ఇది ప్రతిభా, అదృష్టమా? చాలా కాలంగా ఇక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి.

కిరాణా_కబుర్లు
రాజకీయ నాయకుడు రెండు మూడు నెలల్లో మాట మార్చాడని ఫిర్యాదా? మీది ఏ ఊరండీ? అంత అమాయకమైన ఊరు మన రాష్ట్రాల్లో ఎక్కడుందో చూడాలని ఉంది.

గ్రేస్టోన్స్_గట్టు
మా ఊరివాడే కాబట్టి నేను చెబుతాను. గ్రేస్టోన్స్ అంటే డబ్లిన్ నుంచి సముద్రం పక్కనే వచ్చే డార్ట్ రైలుకు దక్షిణాన చివరి స్టేషన్. విక్లో కౌంటీ. హారిస్ తండ్రి టాక్సీ నడిపేవాడు. తమ్ముడికి ఆటిజం. ఆ పిల్లవాడికి బడిలో కావలసిన సాయం దొరక్క ఇంట్లో వాళ్లు పడిన అవస్థ చూసి, పదిహేను పదహారేళ్ల వయసులోనే ఇలాంటి పిల్లల తల్లిదండ్రులను ఒకచోట చేర్చి ఒక సంస్థ పెట్టాడు. అర్జీలు, మంత్రులకు ఉత్తరాలు, స్థానిక పత్రికల చుట్టూ తిరగడం, అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. డబ్లిన్‌లో జర్నలిజం, ఫ్రెంచ్ కోర్సులో చేరి మానేశాడు. ఫినే గేల్ పార్టీలో ఫ్రాన్సిస్ ఫిట్జెరాల్డ్ సెనేటర్‌గా ఉన్నప్పుడు ఆమె దగ్గర సహాయకుడిగా చేశాడు. 2009లో కౌంటీ కౌన్సిల్‌కు గెలిచాడు, 2011లో పార్లమెంటుకు. ఆ సభలో అందరికన్నా చిన్నవాడు. ఎండా కెన్నీని ప్రధానిగా ప్రతిపాదిస్తూ మాట్లాడమని ఈ కుర్రవాణ్ణే నిలబెట్టారు.

కాబట్టి డబ్లిన్_వాన గారూ, ‘వృత్తి అంటూ లేదు’ అన్నమాట నిజమే గాని, పని చేయకుండా కూర్చున్న మనిషి మాత్రం కాదు. మా వీధి చివర మురుగు కాలువ పొంగితే ముందు ఆయన ఆఫీసుకే ఫోన్ చేసేవాళ్లు. జవాబు కూడా వచ్చేది.

నల్లకోటు
ఒక విషయం గమనించారా? 24 ఏళ్లకు ఎంపీ అనేది మన దేశంలో అసాధ్యం. లోక్‌సభకైనా శాసనసభకైనా 25 నిండాలి. ఐర్లండ్‌లో 21 చాలు. తమాషా ఏమిటంటే, అధ్యక్ష పదవికి మాత్రం అక్కడా 35 నిండాలి. దాన్ని కూడా 21కి తగ్గిద్దామని 2015లో ప్రజాభిప్రాయం అడిగితే 73 శాతం మంది వద్దన్నారు. అదే రోజు స్వలింగ వివాహాలకు మాత్రం సరే అన్నారు.

కిరాణా_కబుర్లు
అంటే కుర్రవాడు దేశాన్ని నడపవచ్చు, రిబ్బన్లు కత్తిరించకూడదు.

లెక్కల_మాస్టారు
వయసు సంగతి సరే. అసలు 24 ఏళ్లవాడు గెలవడానికి అక్కడి ఓటు పద్ధతి కూడా కారణమే. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పేరు ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేయాలి. 2021లో నల్గొండ-ఖమ్మం-వరంగల్ స్థానానికి 71 మంది పోటీ చేశారు. దినపత్రికంత బ్యాలెట్. ఆ లెక్కింపు డ్యూటీలో నేనున్నాను. చివరి అభ్యర్థిని తీసేయడం, ఆయన కట్ట విప్పడం, ప్రతి కాగితం మీద రెండో అంకె ఎవరికి పడిందో వెతికి ఆ గడిలో వేయడం, మళ్లీ కట్టడం. పగలూ రాత్రీ అదే పని. కళ్లు మూసుకున్నా అంకెలే కనబడేవి.

తేడా ఏమిటంటే మనకు ఒక్క సీటు, సగం దాటాలి. ఐర్లండ్‌లో ఒక్కో నియోజకవర్గానికి మూడు నుంచి ఐదు సీట్లు. 2011లో విక్లోకు ఐదు. ఐదింటికి కోటా, అంటే గెలవడానికి కావలసిన ఓట్లు, చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే చాలు. ఒకే పార్టీ నుంచి ముగ్గురు నిలబడవచ్చు. అందుకని కుర్రవాడు పెద్దాయనను ఓడించనక్కర్లేదు, పెద్దాయన పక్కన రెండో అంకె, మూడో అంకె సంపాదించుకుంటే చాలు. ఎవరితోనూ మరీ శత్రుత్వం పెట్టుకోనివాడికి అనువైన పద్ధతి. మీరు గాలివాటం అంటున్న గుణం అక్కడ ఓట్ల రూపంలో పనికొస్తుంది.

డబ్లిన్_వాన
మాస్టారూ, చివరి వాక్యం బాగుంది. నాకు కొంచెం భయం కూడా వేసింది.

విక్లో_వెన్నెల
2011 విక్లో గురించి ఇంకో ముచ్చట. అదే ఎన్నికలో అదే నియోజకవర్గం నుంచి స్వతంత్రుడిగా స్టీఫెన్ డోనెలీ కూడా మొదటిసారి గెలిచాడు. తర్వాత ఆయన మరో పెద్ద పార్టీ ఫియనా ఫాయిల్‌లో చేరి, 2020లో హారిస్ ఖాళీ చేసిన ఆరోగ్య శాఖలోనే మంత్రి అయ్యాడు. 2024 ఎన్నికల్లో హారిస్‌కు పదహారు వేలకు పైగా మొదటి ప్రాధాన్య ఓట్లు వచ్చాయి, డోనెలీ ఏకంగా సీటే పోగొట్టుకున్నాడు. ఒకే ఊరు, ఒకే శాఖ. జాతకాలు మాత్రం వేరు.

కార్క్_కాపురం
ఆరోగ్య శాఖ మాట వచ్చింది కాబట్టి నా కడుపుమంట కూడా వినండి. మా ఆవిడ నర్సు. 2019 జనవరి చివర్లో నర్సులు జీతాల కోసం సమ్మెకు దిగినప్పుడు మంత్రి హారిసే. చలిలో చేతులకు రెండు జతల గ్లౌజులు వేసుకుని ఆసుపత్రి గేటు బయట నిలబడింది. దారిన పోయే కార్లు హారన్ కొట్టి మద్దతు చెబుతుంటే ఇంటికొచ్చి సంబరంగా చెప్పేది. సమ్మె ఆగింది గాని వార్డులో ఏమీ మారలేదు. మంచం దొరకని రోగులను వరండాలో ట్రాలీల మీద పడుకోబెడతారు. ట్రాలీకీ ట్రాలీకీ మధ్య బీపీ మిషను తోసుకుపోవడానికి చోటుండదు. ఈ ట్రాలీల లెక్కను నర్సుల సంఘం రోజూ ప్రకటిస్తుంది, అక్కడివాళ్లు దాన్ని వాతావరణ సమాచారం విన్నట్టు వింటారు.

పిల్లల ఆసుపత్రి సంగతి సరేసరి. 2017లో 98 కోట్ల యూరోలకు ఆమోదించారు. 2024 నాటికి 224 కోట్లు. 2019 ఫిబ్రవరిలో దీని మీదే హారిస్‌పై అవిశ్వాస తీర్మానం పెడితే ఫియనా ఫాయిల్ వాళ్లు ఓటు వేయకుండా కూర్చుని గట్టెక్కించారు. ఇంత జరిగాక కూడా మనిషి పైకే పోయాడు. మన దగ్గర ఇంజనీరు కల్వర్టు కూలితే సస్పెండ్ అవుతాడు.

కిరాణా_కబుర్లు
అవుతాడు. ఆర్నెల్లకు ప్రమోషన్‌తో వస్తాడు. తేడా ఎక్కడుంది?

లిఫీ_తీరం
కార్క్_కాపురం గారి బాధ నిజమే గాని అక్కడి ఆరోగ్య శాఖ ఎవరి చేతిలో పెట్టినా అంతే. బ్రయన్ కోవెన్ అనే పాత మంత్రి ఆ శాఖకు అంగోలా అని పేరు పెట్టాడు, ఎక్కడ కాలు పెడితే మందుపాతర పేలుతుందో తెలియదని. హారిస్ హయాంలో పేలినవి తక్కువేమీ కావు. 2018లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల వ్యవహారం బయటపడింది. పాత ఫలితాలు తప్పని తిరిగి చూసినప్పుడు తేలినా, ఆ సంగతి రెండు వందల మందికి పైగా మహిళలకు చెప్పకుండా ఊరుకున్నారు. విక్కీ ఫెలాన్ కోర్టుకెక్కి, నోరు మూసుకునే షరతుకు ఒప్పుకోకపోవడం వల్ల లోకానికి తెలిసింది. తప్పు మంత్రిది కాకపోవచ్చు. సమాధానం చెప్పవలసింది మాత్రం ఆయనే.

అదే మనిషి ఆ క్యాన్సర్ రాకుండా అమ్మాయిలకు వేసే హెచ్‌పీవీ టీకా విషయంలో గట్టిగా నిలబడ్డాడని కూడా చెప్పాలి. పుకార్ల వల్ల అమ్మాయిల్లో దాదాపు సగం మందే టీకా వేయించుకునే పరిస్థితి వస్తే, వైద్యం తెలియనివాళ్లు ఇందులో తలదూర్చవద్దని మొహం మీదే అన్నాడు. సంఖ్య మళ్లీ పెరిగింది. అక్కడ గాలికి ఎదురే నడిచాడు మరి.

గాల్వే_గాలి
ఆగండి. గాలివాటం గురించి మాట్లాడుతూ 2018 మే 25ను వదిలేస్తే ఎలా?

సవితా హలప్పనవర్ మా ఊళ్లోనే పోయింది. బెళగావి అమ్మాయి, దంతవైద్యురాలు. 2012 అక్టోబరు. గర్భం నిలవదని తెలిసినా, పిండం గుండె కొట్టుకుంటోందని గర్భస్రావం చేయలేదు. ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకి చనిపోయింది. ఆ రోజుల్లో ఇక్కడి మన ఆడవాళ్లలో పురుడంటేనే వణుకు పుట్టింది. ఇండియా వెళ్లి కంటామనే మాట నేను చాలా ఇళ్లలో విన్నాను.

హారిస్ రాజకీయాల్లోకి వచ్చినప్పుడు గర్భస్రావానికి వ్యతిరేకి. అలాగని పైకి చెప్పుకున్నవాడే. ఆరోగ్య మంత్రి అయ్యాక స్త్రీల అనుభవాలు విని మనసు మార్చుకున్నానన్నాడు. గర్భస్రావ నిషేధం ఎత్తేయాలా అని ఆ మే 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో, ఎత్తేయాలని ముందుండి ప్రచారం చేశాడు. 66.4 శాతం మంది అవునన్నారు. ఆ ఏడాది పూర్తయ్యేలోపు చట్టం తెచ్చి, 2019 జనవరి 1 నుంచి ఆసుపత్రుల్లో అమలు చేయించాడు. దీన్ని గాలివాటం అంటే నేను ఒప్పుకోను. వినడం అంటారు దీన్ని.

డబ్లిన్_వాన
గాల్వే_గాలి గారూ, ఆ చట్టం విలువ నేను కాదనడం లేదు. కానీ 66.4 శాతం గాలి ఎటు వీస్తోందో తెలిశాక అటు తిరగడానికి ఎంత ధైర్యం కావాలి? ఆగస్టులో మా మాట విన్నాడు. తర్వాత ఇంకెవరి మాటో విన్నాడు. చివరగా మాట్లాడినవాడి మాటే వినే మనిషితో ఎలా వేగాలి?

గాల్వే_గాలి
66 శాతం వస్తుందని ముందు ఎవరికీ తెలియదు. అదేమీ తేలికైన ప్రచారం కాదు. మా కాలనీలో ఒకే ఇంట్లో తల్లి ఒక వైపు, కూతురు ఒక వైపు. ఫలితం చూసి దానికి ముందున్న భయాన్ని కొలవకండి.

నల్లకోటు
చట్టం చేయడానికి, ఉపన్యాసానికి తేడా ఉంది. 2018లో ఆయన పని చేసి చూపించాడు. వలసల మీద ఆయన నోట మీరు విన్నది మాటే. పైగా ఆ మాట వచ్చింది ప్రధానంగా ఆశ్రయం కోరేవాళ్ల దరఖాస్తుల చర్చలో. పర్మిట్ మీద ఉన్న మీకు సూటిగా తగిలేది కాదు.

కార్క్_కాపురం
బస్టాపులో తిట్టేవాడు మన పర్మిట్ చూసి తిడతాడా? మంత్రి ఏ అర్థంలో అన్నా వీధిలో దానికి ఒకటే అర్థం.

డబ్లిన్_వాన
ఇదే. నేను చెప్పలేకపోయింది ఇదే.

ఆమదాలవలస
దూరం నుంచి చూసేవాడిగా ఒక మాట. మా రామ్మోహన్ నాయుడు గారు 26 ఏళ్లకు ఎంపీ, 36కు కేంద్ర మంత్రి. బాగా మాట్లాడతారు, పని చేస్తారు. కానీ ఎర్రన్నాయుడు గారి కుమారుడు కాకపోతే ఆ వయసులో టికెట్ వచ్చేదా? ఈ హారిస్‌కు ఇంటి పేరు అండ లేదు. టాక్సీ డ్రైవరు కొడుకు ప్రధాని కావడం నాకైతే పెద్ద విషయమే.

లిఫీ_తీరం
అక్కడ వారసత్వాలు లేవనుకోకండి. ఆయన్ను పైకి తెచ్చిన ఎండా కెన్నీయే తండ్రి పోతే వచ్చిన 1975 ఉప ఎన్నికలో గెలిచాడు. ఇప్పుడు విదేశాంగ మంత్రి హెలెన్ మెకెంటీ కూడా తండ్రి మరణం తర్వాత ఉప ఎన్నికలో వచ్చిందే. ఆమె ప్రసూతి సెలవులో ఉంటే హారిస్ కొన్నాళ్లు న్యాయ శాఖ కూడా చూశాడు. మంత్రికి ప్రసూతి సెలవు, పక్కవాడు ఆ పని చూడటం! ఇది మనం అరువు తెచ్చుకోదగిన సంగతి.

కిరాణా_కబుర్లు
డిగ్రీ పూర్తి చేయనివాడికి 2020లో ఉన్నత విద్యాశాఖ ఇచ్చారు, ఆ సంగతి ఎవరూ ఎత్తరేమి? మా నాన్నకు ఈ వార్త తెలియకుండా ఇంట్లో జాగ్రత్తపడుతున్నాను.

తాడేపల్లి_తాతయ్య
2017లో లియో వరాద్కర్ ఐర్లండ్ ప్రధాని అయినప్పుడు మన పత్రికలన్నీ ముంబై మూలాలంటూ మొదటి పేజీలో వేశాయి. అతి చిన్న వయసు ప్రధానిగా ఆయన రికార్డును ఏడాది తేడాతో కొట్టిన ఈ కుర్రవాణ్ణి ఒక్కరూ పట్టించుకోలేదు. మనకు మూలాలుంటేనే ముచ్చట. అంతకన్నా పాత బంధుత్వం మనకు ఉంది, ఎవరికీ గుర్తులేదు. వి.వి. గిరి గారు 1913లో డబ్లిన్ వెళ్లి న్యాయశాస్త్రం చదివారు. అక్కడి తిరుగుబాటుదారులతో పరిచయాలు పెట్టుకున్నారని 1916లో దేశం విడిచిపొమ్మన్నారు. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలు కూడా ఐరిష్ రాజ్యాంగం చూసి రాసుకున్నవే.

కిరాణా_కబుర్లు
అంటే వెళ్లిపొమ్మనిపించుకున్న మొదటి తెలుగువాడు కాబోయే రాష్ట్రపతి. డబ్లిన్_వాన గారూ, ఆశ వదులుకోకండి.

విక్లో_వెన్నెల
ప్రతిభా అదృష్టమా అని మొదటి పోస్టులో అడిగారు. అదృష్టం ఎక్కడుందో చెబుతాను. 2014లో యూరప్ పార్లమెంటుకు పోటీ చేసి ఓడిపోయాడు. గెలిచి ఉంటే బ్రసెల్స్‌లో ఉండిపోయేవాడు. ఓడిన రెండు నెలలకే సహాయ మంత్రి పదవి వచ్చింది. 2024 మార్చి 20న వరాద్కర్ ఉన్నట్టుండి తప్పుకుంటే, పార్టీలో పోటీ చేయగల సీనియర్లు ఒకరి తర్వాత ఒకరు మాకొద్దన్నారు. నాలుగు రోజుల్లో, ఓటింగ్ లేకుండా, అథ్లోన్ అనే ఊళ్లో నాయకుడిగా ప్రకటించారు. ఏప్రిల్ 9న సభలో 88-69తో ప్రధాని. అప్పటికి ఫినే గేల్ ఎంపీల్లో చాలామంది ఇక పోటీ చేయబోమని చెప్పేశారు, చివరికి దాదాపు సగం మంది అయ్యారు. ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్లు తాళాలు ఎవరికో ఒకరికి ఇవ్వాలి కదా.

గ్రేస్టోన్స్_గట్టు
అది అన్యాయం. ఫోన్లు చేసి మద్దతు కూడగట్టుకోవడం కూడా పనే. మిగతావాళ్లు ఆలోచించేలోపు ఆయన లెక్క పూర్తి చేసుకున్నాడు. మే 28న పాలస్తీనాను దేశంగా గుర్తించింది కూడా ఆయన ప్రభుత్వమే. యూరప్‌లో అందరూ చేయగలిగింది కాదది.

మెరియన్_మెట్లు
టిక్‌టాక్‌లో పెట్టే వీడియోల వల్ల హారిస్‌ను టిక్‌టాక్ ప్రధాని అని పిలిచేవాళ్లు. ఎన్నికల దాకా ఆ కెమెరా ఆయన్ను మోసింది, ఎన్నికల్లో అదే ముంచింది. 2024 నవంబరులో కాంటర్క్ అనే చిన్న ఊళ్లో సూపర్‌మార్కెట్లో ప్రచారం చేస్తుంటే, వికలాంగుల సంరక్షణలో పనిచేసే ఒకామె నిలదీసింది, మా రంగాన్ని పట్టించుకోలేదని. ఈయన ‘కాదు, కాదు’ అంటూ చేయి కలిపి వెళ్లిపోయాడు. ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. చేయి ఆమె చేతిలో ఉంది, పాదాలు అప్పటికే పక్కకు తిరిగాయి. ఆమె కళ్లలో నీళ్లు. మర్నాడు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు గాని జరిగేది జరిగిపోయింది. ఆటిజం ఉన్న తమ్ముడి కోసం రాజకీయాల్లోకి వచ్చిన మనిషికి సరిగ్గా ఆ విషయంలోనే దెబ్బ తగిలింది. 38 సీట్లతో పార్టీ మూడో స్థానం.

కార్క్_కాపురం
ఆ ఎన్నికకు ముందే పార్లమెంటు ఆవరణలో సైకిళ్ల షెడ్డుకు 3,36,000 యూరోలు ఖర్చు పెట్టిన గొడవ. పైగా అది వాన కూడా ఆపదు. ప్రభుత్వ నిర్మాణాల శాఖ ఆయన దగ్గరే ఉండేది కదా?

విక్లో_వెన్నెల
ఆ శాఖ ఆయన దగ్గర ఉన్నది 2014 నుంచి 2016 వరకు. షెడ్డు తర్వాతి ముచ్చట. పిల్లల ఆసుపత్రి ఖాతాలో రాయండి, ఇది మాత్రం కాదు.

కిరాణా_కబుర్లు
మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శికి ఈ అంకె చూపించాను. భక్తితో నమస్కారం పెట్టాడు.

లెక్కల_మాస్టారు
2024 లెక్కింపు చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. విక్లోలో హారిస్‌కు కోటా దాటి వచ్చిన మిగులు ఓట్లు వృథా కాలేదు. సొంత పార్టీ రెండో అభ్యర్థికి చాలామటుకు అందాయి, ఆయనా గెలిచాడు. దేశంలో పార్టీ మూడోదైనా సొంత ఊళ్లో ఇద్దర్ని గెలిపించుకున్నాడు. ఊరి పలుకుబడి ఒక ఎత్తు, దేశం ఒక ఎత్తు.

లిఫీ_తీరం
ఇక ముందు సంగతి. సంకీర్ణ ఒప్పందం ప్రకారం 2027 నవంబరులో ఇప్పటి ప్రధాని, ఫియనా ఫాయిల్ నాయకుడు మీహాల్ మార్టిన్ దిగిపోతే మళ్లీ హారిసే ప్రధాని కావాలి. అంతవరకు పార్టీ ఈయన్ను ఉంచుతుందా అన్నదే ప్రశ్న. 2025 అక్టోబరు అధ్యక్ష ఎన్నికలో వీళ్ల అభ్యర్థిని కేథరిన్ కానలీ 63 శాతం ఓట్లతో చిత్తుగా ఓడించింది. ఆర్థిక మంత్రి పాస్కల్ డోనహూ ప్రపంచ బ్యాంకుకు వెళ్లిపోవడంతో నవంబరులో ఆర్థిక శాఖ తనే తీసుకున్నాడు. అక్కడ అందరికీ అవుననడం కుదరదు. ఖజానాకు వచ్చే కంపెనీ పన్నులో పెద్ద వాటా వేళ్ల మీద లెక్కపెట్టగలిగే అమెరికా కంపెనీలది. అవి తుమ్మితే ఈయనకు జ్వరం.

ఆమదాలవలస
అంటే ఇప్పటిదాకా అడిగేవాళ్ల వైపు ఉన్నవాడు మొదటిసారి లేదనే కుర్చీలో కూర్చున్నాడు.

డబ్లిన్_వాన
నా అభిప్రాయం పెద్దగా మారలేదు. మనిషి చురుకైనవాడే. 2018లో చేసినట్టు ఒక మాట మీద నిలబడి, మా విషయంలోనూ ఒక పని చేసి చూపిస్తే అప్పుడు ఒప్పుకుంటాను. ఓటు హక్కు లేనివాడి అభిప్రాయం ఎవరికి కావాలి అంటారేమో.

మెరియన్_మెట్లు
లేదని ఎవరన్నారు? పార్లమెంటుకు లేదు గాని స్థానిక ఎన్నికలకు ఉంది. ఏ దేశ పౌరుడైనా సరే, ఇక్కడ నివాసముండి 18 నిండితే చాలు. 2024 జూన్ 7న నేను వేశాను. తాడు కట్టిన పెన్సిలుతో 1, 2, 3 అని. మా వార్డు అభ్యర్థి గుమ్మం దాకా వచ్చి, అద్దె గురించి నేను చెప్పిందంతా నోటు పుస్తకంలో రాసుకుపోయాడు. హారిస్ బయల్దేరింది కూడా ఇలాంటి స్థానిక కౌన్సిల్ నుంచే.

డబ్లిన్_వాన
నిజమా? ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. ఎక్కడ నమోదు చేసుకోవాలి?

మెరియన్_మెట్లు
ఓటరు నమోదు వెబ్‌సైటులోనే. పీపీఎస్ నంబరు (ఇక్కడి ప్రభుత్వ గుర్తింపు నంబరు), పుట్టిన తేదీ, ఇంటి ఎయిర్‌కోడ్ (ఇక్కడి పిన్‌కోడ్) దగ్గర పెట్టుకోండి. ఇల్లు మారితే చిరునామా మార్చుకోవడం మరిచిపోవద్దు, మా ఫ్లాట్లో పాత అద్దెదారుల పేరుతో ఇంకా కార్డులు వస్తూనే ఉన్నాయి.

కార్క్_కాపురం
మా ఆవిడకూ ఇప్పుడే చెప్పాను. నర్సుల క్వార్టర్స్ మొత్తం నమోదు చేయిస్తానంటోంది.